పెంచలకోనలో యాభై మందితో షష్టిపూర్తి చేయొచ్చా? చేస్తే ఎలా చేయాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: మీ నాన్నగారికి అరవై నిండుతున్నాయి. మీ ఇంటి దేవుడు పెంచలస్వామి, అంటే పెంచలకోన నరసింహస్వామి. హైదరాబాద్‌లో ఫంక్షన్ హాలు ఆయనకు ఇష్టం లేదు, కోనలోనే యాభై మంది సొంతవాళ్ల మధ్య షష్టిపూర్తి జరగాలని కోరిక. మీ తమ్ముడేమో భైరవకోన గుహాలయాల ముందు చేస్తే వీడియో అదిరిపోతుంది అంటున్నాడు. సాయంత్రం మైకులో భజన, పూల డెకరేషన్, డ్రోన్ కూడా మీ లిస్టులో ఉన్నాయి. చివర్లో "గుడివాళ్లు, ఊరివాళ్లు ఎవరూ మమ్మల్ని తిట్టుకోకుండా జరగాలి" అని రాశారు. ఆ ఒక్క వాక్యం చూసే ఇంత పొడుగు జవాబు రాయడానికి కూర్చున్నాను.

నాది రాపూరు వైపు. ఇరవై మూడేళ్లుగా షామియానా సామాను అద్దెకిస్తున్నాను. గత పదేళ్లుగా పెద్ద పెళ్లిళ్లు తగ్గించేసి, గుళ్ల దగ్గర జరిగే చిన్న కార్యాలే ఒప్పుకుంటున్నాను. పుట్టువెంట్రుకలు, చెవులు కుట్టడం, అన్నప్రాసన, షష్టిపూర్తి, అప్పుడప్పుడూ ఇరవై మందితో పెళ్లి. ఇక్కడ చెప్పేవాటిలో సగం నేను తప్పు చేసి నేర్చుకున్నవే.

సూటిగా జవాబు: పెంచలకోనలో చేయండి. భైరవకోనకు దర్శనానికి వెళ్లండి, ఫంక్షన్‌కు కాదు. కోనలో కూడా దేవుడి సేవ గుడివాళ్ల చేతుల మీదుగా గుడి వేళల్లో, హోమం, భోజనం సత్రంలో, శనివారం కాకుండా మామూలు రోజున, మధ్యాహ్నం రెండున్నరకల్లా ఆఖరి విస్తరి లేచేలా పెట్టుకోండి. మైకు, డ్రోన్, పూల ఆర్చీలు ఈ మూడూ కొట్టేయండి. ఇక ఎందుకో చెప్తాను.

కోన అంటే మీకు చిన్నప్పటి జ్ఞాపకం ఉండొచ్చు, అక్కడికి వచ్చే మీ హైదరాబాద్ స్నేహితులకు ఉండదు. వాళ్లకు ముందే చెప్పండి, అది రిసార్ట్ కాదు. నెల్లూరు నుంచి దాదాపు 80 కిలోమీటర్లు, పొదలకూరు, రాపూరు మీదుగా వెలిగొండల ఒడిలోకి వెళ్లాలి. స్వామి రాళ్లు పెనవేసుకున్న రూపంలో వెలిశాడని పెనుశిల అన్నారు, జనం నోట్లో అది పెంచల అయింది. మా జిల్లాలో ఏ ఊళ్లో "పెంచలయ్యా" అని పిలిచినా నలుగురు తిరిగి చూస్తారు. మీ నాన్నగారి పేరు కూడా అదేనని రాశారుగా. చెంచులక్ష్మిని చేసుకున్నాడని అలిగి ఆదిలక్ష్మి అమ్మవారు విడిగా వెళ్లి కూర్చుందని కథ, ఆవిడ గుడి వేరేగానే ఉంటుంది. షష్టిపూర్తికి వచ్చినవాళ్లు స్వామిని చూసి అటునుంచి అటే భోజనాలకు పరిగెత్తి అమ్మవారిని మర్చిపోతుంటారు. అలిగినావిడను మళ్లీ అలిగించొద్దు, ఆ దర్శనానికి కూడా టైము పెట్టుకోండి.

చుట్టూ ఉన్నది మామూలు అడవి కాదు, పెనుశిల నరసింహ అభయారణ్యం. అంటే మీరు గుడికి అతిథులు, అడవికి కూడా అతిథులే. నిప్పు, చెత్త, చప్పుడు మూడింటికీ లెక్క చెప్పాల్సిన చోటు. ఇది ఎర్రచందనం కొండల ప్రాంతం కూడా కాబట్టి చీకటి పడ్డాక సామాను వ్యాన్ తిరిగితే ఆపి చూస్తారు. ఓసారి మా కుర్రాళ్లు రాత్రి పదకొండుకు గుండిగలు, కుర్చీలు వేసుకుని వస్తుంటే గంటసేపు ఒక్కో గుండిగా మూత తీయించి చూశారు. తప్పేం లేదు, వాళ్ల పని వాళ్లు చేశారు. అప్పటినుంచి నా సామాను వెలుగుండగానే కోన దిగిపోతుంది.

మనుషుల లెక్క ముందు తేల్చండి. మీరు యాభై అంటున్నారు. యాభై అంటే పిలుపులు ముప్పై ఐదే ఉండాలి. నెల్లూరు జిల్లాలో కోనకు పోతున్నామంటే పక్కింటివాళ్లు కూడా "మేమూ మొక్కు తీర్చుకున్నట్టుంటుంది" అని కారెక్కుతారు. వద్దనలేరు, దేవుడి దగ్గరికి కదా. ఒక కుటుంబం నలభై మందని చెప్పి నాకు పని ఒప్పజెప్పింది. వాళ్ల అబ్బాయి ఆహ్వానాన్ని ముచ్చటపడి బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. నూట అరవై మంది దిగారు. అన్నం మళ్లీ వండొచ్చు, వండాం. నీళ్లు ఎక్కడివి? ఉన్న నాలుగు మరుగుదొడ్ల ముందు ముసలివాళ్లు వరసలో నిలబడ్డారు. మామూలు భక్తులు స్నానానికి నీళ్లు లేక మమ్మల్ని చూసిన చూపు నాకింకా గుర్తుంది. ఆ రోజు గుడికి మేం చేసిన అపచారం ఏదైనా ఉంటే అదే, మంత్రాల్లో తప్పు కాదు.

అందుకే గ్రూపుల్లో పెట్టకండి. ఫోన్ చేసి పిలవండి. రాలేనివాళ్లకు, పిలవలేనివాళ్లకు తర్వాత హైదరాబాద్‌లో ఒకపూట భోజనం పెట్టుకోండి.

రోజు విషయం. శనివారం వద్దు. నరసింహస్వామి గుళ్లకు శనివారం జనం ఎక్కువ. మాలకొండలో అయితే శనివారం తప్ప గుడే తెరవరు, కాబట్టి అక్కడ మామూలు రోజు అనేదే లేదు. అందుకే మాలకొండలో చిన్న కార్యాలు నేను ఒప్పుకోను, ఆ ఒక్క రోజు మొక్కులవాళ్లది. కోనలో స్వాతి నక్షత్రం రోజు కూడా చూసుకోండి, అది స్వామి జన్మ నక్షత్రం. వైశాఖంలో నరసింహ జయంతి చుట్టూ బ్రహ్మోత్సవాలు, ఆ వారం పది రోజులు మనలాంటివాళ్లు భక్తులుగా వెళ్లాలి తప్ప కార్యాలు పెట్టకూడదు.

వానలు ఇంకో సంగతి. హైదరాబాద్‌లో అక్టోబరుకు వాన సర్దుకుంటుంది, మాకు అప్పుడే మొదలు. అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి వారాల దాకా తుపాన్ల కాలం. 2021 నవంబరులో పెన్న పొంగి నెల్లూరు దగ్గర హైవేనే తెగింది, కొండ వాగులు ఒక లెక్కా? కార్తీకమాసం పుణ్యకాలమే, వాగు దాటి వెళ్లే చోట యాభై మందిని పెట్టుకుని ఆకాశం వైపు చూస్తూ కూర్చోవడం మాత్రం మహా టెన్షన్. ఏప్రిల్, మే నెలల్లో రాయి మీద అడుగు పెట్టలేరు, చెప్పులు బయటే విడవాలి కదా. ఆ రోజుల్లో చేయక తప్పకపోతే దారంతా తడిపిన గోనెపట్టాలు పరిపిస్తాను, పావుగంటకోసారి మనిషి నీళ్లు చల్లాలి. సంక్రాంతి వెళ్లాక శివరాత్రి లోపు అన్నిటికన్నా హాయి.

మరి మీ నాన్నగారి జన్మ నక్షత్రం ఏ మే నెలలోనో పడితే? చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు. నేను చూసిన తేలిక దారి ఇది: శాంతి, హోమం తిథి నక్షత్రాల ప్రకారం ఇంట్లోనే నలుగురితో జరిపించి, కోనలో స్వామి కల్యాణం, భోజనం వీలున్న రోజున పెట్టుకోవడం. మీ పురోహితుణ్ణి అడగండి, ఎక్కువమంది సరేనంటారు.

గుడివాళ్లతో మాట్లాడటం. కనీసం నెల ముందు ఎవరో ఒకరు మనిషి వెళ్లాలి. ఫోన్లో మాట్లాడుకుని నమ్మకంతో వచ్చేస్తే, ఆ రోజు డ్యూటీలో వేరేవాళ్లుంటారు. దేవస్థానం ఆఫీసులో కాగితం మీద రాసివ్వండి: ఏ తేదీ, ఎంతమంది, ఏ సేవ, ఎన్ని గదులు, వంట ఎక్కడ. సేవకు, గదులకు కట్టినదానికి రసీదు తీసుకోండి. "మనకు తెలిసినవాళ్లున్నారు, నేరుగా లోపలికి పోదాం" అనే బావమరిది ప్రతి ఇంట్లో ఒకడుంటాడు. అతనికి ఆ రోజు మజ్జిగ పంచే పని అప్పజెప్పండి.

మీ పురోహితుణ్ణి హైదరాబాద్ నుంచి తెచ్చుకుంటామన్నారు. తెచ్చుకోండి, కానీ ఆయన పని సత్రంలో. గర్భగుడి ముందు చేసేది ఆ గుడి అర్చకులే చేయాలి. వాళ్ల ఆగమం వాళ్లది, వంశంగా వచ్చిన పద్ధతి వాళ్లది. షష్టిపూర్తికి చేసే ఉగ్రరథ శాంతి, మృత్యుంజయ హోమం లాంటివి గుడి లోపల చేయించమని పట్టుబట్టకండి. సత్రం ఆవరణలో గాలి ఆడేచోట, నాలుగు ఇటుకల కుండం పెట్టి, కింద ఇసుక పోసి చేయించండి. బండల మీద నేరుగా నిప్పు పెడితే బండ పగులుతుంది. హోమం అయ్యాక ఆ బూడిద చల్లారిందో లేదో చేత్తో తాకి చూసేవరకు నేను మనిషిని అక్కడినుంచి కదలనివ్వను. ఎండాకాలం మొదలైతే చుట్టూ ఎండుగడ్డి, ఎండుటాకులే.

సంభావనలు కవర్లలో పెట్టి ముందే సిద్ధం చేసుకోండి. అర్చకులు, మేళగాళ్లు, పుట్టువెంట్రుకలు తీసేవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లు, ఊడ్చేవాళ్లు. ఊడ్చే ఆవిణ్ణి అందరూ మర్చిపోతారు. మీరు వెళ్లాక మీ గురించి మంచో చెడో మాట్లాడేది ఆవిడే.

ఇక రాయి సంగతి, నాకు సిగ్గుచేటైన కథ. వ్యాపారం పెట్టిన రెండో ఏడు, ఇంకో కొండగుడి దగ్గర పాత రాతి మండపం. గాలికి షామియానా తాడు నిలవడం లేదు. స్తంభాల రాళ్ల మధ్య సందులో మేకు దిగ్గొట్టి తాడు కట్టేశాను. రాతి అంచు వేలెడంత ముక్క ఊడి కింద పడింది. అక్కడ పూజారి పెద్దాయన, ఎనభై దాటి ఉంటాయి, కేకలు వేయలేదు. ఆ ముక్క ఏరి నా చేతిలో పెట్టి, "దీన్ని మళ్లీ అతికించి వెళ్లు నాయనా" అన్నాడు. ఏం అతికిస్తాను? ఆ ముక్క ఇప్పటికీ నా షాపు గల్లాపెట్టెలో ఉంది. కొత్త కుర్రాడు పనిలో చేరితే ముందు అది చూపిస్తాను.

అప్పటినుంచి నా పద్ధతి: పాత రాయికి మేకు లేదు, తాడు లేదు, టేపు లేదు, పూలదండ కట్టడం కూడా లేదు. పందిరి కావాలంటే ఇసుక బస్తాలు కట్టిన ఇనుప కాళ్ల మీద, రాతికి మూడడుగుల ఎడంగా నిలబెడతాను. డెకరేషన్ కావాలన్నవాళ్లకు ఒకటే చెప్తాను, ఆ డబ్బు స్వామికి పూలంగి సేవకో, తోమాలకో అడిగి ఇవ్వండి. రెండు గుమ్మాలకు మామిడాకులు, నాలుగు అరటి పిలకలు సత్రం దగ్గర పెట్టుకోండి. చాలు. థర్మకోల్ అక్షరాలు, మెరుపు కాగితాలు కొండగాలికి ఎగిరి వాగులో పడతాయి. అన్నట్టు 2022 జూలై 1 నుంచి అలంకరణ థర్మకోల్, ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్ట్రాలు దేశమంతా నిషేధంలో ఉన్నాయి. షాపుల్లో దొరుకుతున్నాయి కదా అనకండి.

పసుపు, కుంకుమ, నూనె, కర్పూరం గురించి చాలామందికి తెలియదు. భక్తితోనే పూస్తారు. గరుకు రాయి నూనెను పీల్చుకుంటుంది, దానిమీద కర్పూరం మసి పేరుకుంటుంది, పొర మీద పొర. ఇప్పటి కుంకుమలో రంగు ఎక్కువ, అది రాతి రంధ్రాల్లో దిగితే పోదు. పోగొడదామని ఎవరో యాసిడ్ పోస్తారు, ఇసుక పెట్టి రుద్దిస్తారు, దాంతో శిల్పం ముక్కు, వేళ్లు అరిగిపోతాయి. కాబట్టి దీపం ఇత్తడి పళ్లెంలో పెట్టి ఆ పళ్లెం రాతి మీద ఉంచండి. కుంకుమ గుడివాళ్లు పెట్టిన చోటే.

ఈ మాటతోనే భైరవకోనకు వస్తాను. మీ తమ్ముడి మనసు నాకు తెలుసు, నిజంగానే అంత అందమైన చోటు. చంద్రశేఖరపురం మండలం కొత్తపల్లి దగ్గర, కొండను తొలిచి ఒకదాని పక్కన ఒకటి ఎనిమిది శివాలయాలు. అంతటి చోటు ఇంకోటి మా చుట్టుపక్కల లేదు. ద్వారపాలకులు, కింద సింహాలు కూర్చున్న స్తంభాలు, అంతా పల్లవుల నాటి పోకడ. పక్కనే రెండు వందల అడుగుల ఎత్తునుంచి పడే జలపాతం. ఒకప్పుడు అది మా నెల్లూరు జిల్లాలోనే ఉండేది, 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అటు వెళ్లింది. కార్తీక పౌర్ణమి రాత్రి వెన్నెల అమ్మవారి మీద పడుతుందని ఎక్కడెక్కడినుంచో జనం వస్తారు.

మరి ఎందుకు వద్దంటున్నాను? అది కట్టిన గుడి కాదు, తొలిచిన గుడి. కట్టినదాంట్లో ఒక రాయి పోతే ఇంకో రాయి పెట్టొచ్చు. కొండను తొలిచినదాంట్లో పోయింది పోయినట్టే. లోపల ఇరుకు, యాభై మంది ఒకేసారి నిలబడితే ఎవరి భుజమో, ఎవరి బ్యాగో, వీడియో అతని స్టాండో శిల్పానికి తగులుతుంది. హోమం పొగ గుహలోంచి ఎటు పోతుంది? కప్పుకే అంటుకుంటుంది. ఇక వాగు పక్కన వంట పెడితే గిన్నెలు కడిగిన జిడ్డు అంతా నీటి గుండంలోకే. దాంట్లోనే పది నిమిషాల తర్వాత ఇంకెవరో తలస్నానం చేస్తారు.

చట్టం కూడా తెలుసుకోండి, భైరవకోనకనే కాదు, ఏ పాత కట్టడానికైనా. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాలకు 1958 చట్టం వర్తిస్తుంది. దాని కింద 1959లో చేసిన నిబంధనల్లో ఏడోది సరిగ్గా మీ ప్రశ్న గురించే: రక్షిత కట్టడంలో సభలు, విందులు, పార్టీలు, వినోద కార్యక్రమాలు రాతపూర్వక అనుమతి లేకుండా పెట్టకూడదు. ఆచారంగా వస్తున్న మతపరమైన కార్యాలకు మాత్రం మినహాయింపు. అంటే అక్కడ ఏటా జరిగే పూజ జరుగుతుంది, మీ నాన్నగారి పుట్టినరోజు విందు ఆచారం కిందికి రాదు. కట్టడాన్ని పాడుచేస్తే 2010 సవరణ తర్వాత రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. రాష్ట్ర పురావస్తు శాఖ కింద ఉన్నవాటికి 1960 నాటి వేరే చట్టం ఉంది. దేవాదాయ శాఖ గుడైతే ఈవో ఆఫీసు. ఎక్కడికి వెళ్లినా ముందు బోర్డు చదవండి, ఏ శాఖ అని ఉంటే ఆ శాఖ గుమ్మం ఎక్కండి. ఒక్కోచోట రెండు శాఖలూ ఉంటాయి, రెండు కాగితాలూ కావాలి. విసుగే, కానీ అది ఆ రాతికి కంచె.

మీ తమ్ముడు మరీ బాధపడితే కార్యం మర్నాడు పొద్దున్నే ఆరేడుగురు కలిసి భైరవకోన వెళ్లి అభిషేకం చేయించుకుని, జలపాతం చూసి రండి. మామూలు ఫోన్‌తో నాలుగు ఫొటోలు తీసుకోండి. ఉప్మా, కాఫీ దారిలో కానివ్వండి.

మైకు, భజన. బహిరంగ ప్రదేశంలో మైకుకు రాతపూర్వక అనుమతి కావాలి, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా అసలే కుదరదు, ఇది 2000 నాటి శబ్ద నిబంధనల్లో ఉంది. కోనలో నా అభ్యంతరం చట్టం వల్ల కాదు. చుట్టూ కొండ, గొంతెత్తి పిలిస్తే మాట తిరిగి వస్తుంది. అలాంటి చోట రెండు బాక్సులు పెడితే అది భజన కాదు, గోల. గుడిలో అర్చకుడి మంత్రం మీద మీ పాట పడుతుంది.

ఈ మధ్య చేసిన కార్యాల్లో నాకు నచ్చింది ఒకటి చెప్తాను. ఒక రిటైర్డ్ టీచరమ్మ, భర్త పోయాక మొదటిసారి కోనకొచ్చింది. ముప్పై మంది. కల్యాణం, దర్శనం అయ్యాక సత్రం వరండాలో చాపలు పరిచి, ఆవిడే ప్రహ్లాదుడి కథ చెప్పింది. మైకు లేదు. పిల్లలు ముందుకు జరిగి కూర్చున్నారు వినబడటానికి. పక్క సత్రంలో దిగిన ఎవరో ముసలి దంపతులు కూడా వచ్చి కూర్చున్నారు, ఆవిడ వాళ్లకు చాప చూపించింది. ముప్పావు గంట. తర్వాత అందరికీ చక్రపొంగలి. ఖర్చు అడిగితే నేను చెప్పను గానీ, నా బిల్లు ఆ నెలలో అన్నిటికన్నా చిన్నది.

మీ భజన కూడా అలాగే పెట్టుకోండి. హార్మోనియం, తాళాలు, ఒక డోలక్. మధ్యాహ్నం భోజనం ముందు, గుడిలో నివేదన టైము కాకుండా చూసుకుని. సాయంత్రం దాకా ఉంచితే పెద్దవాళ్లు అలిసిపోతారు, కొండదారిలో చీకట్లో కార్లు నడపాలి.

డ్రోన్ గురించి ఒక్క ముక్క. 250 గ్రాముల లోపు చిన్న డ్రోన్‌కు పైలట్ లైసెన్సు అక్కర్లేదని 2021 నిబంధనలు చూపించి వీడియోవాళ్లు ధైర్యం చెప్తారు. లైసెన్సు సంగతి వేరు, అభయారణ్యం మీద ఎగరేయడానికి అడవి శాఖ అనుమతి వేరు. దానికి కోతులు బెదురుతాయి, తేనెతుట్టెలు కదిలితే మనుషులే పారిపోవాలి. కొండ చరియల్లో పెద్ద తేనెపట్లు ఉంటాయి, అది నవ్వులాట కాదు. పొగ, అగరుబత్తి కట్టలు, పెర్‌ఫ్యూమ్ కూడా చూసుకోండి.

కోతులంటే గుర్తొచ్చింది. లడ్డూల డబ్బా కారు డిక్కీలోంచి వడ్డించే క్షణంలో తీయాలి. ఒకసారి అరవై బొబ్బట్లు తీసుకెళ్లాయి, నెయ్యి డబ్బా మాత్రం వదిలేశాయి, ఎందుకో మరి. పిల్లల చేతికి చిప్స్ ప్యాకెట్లు ఇవ్వకండి. ఒకసారి తినిపిస్తే మన తర్వాత వచ్చే భక్తురాలి సంచీ లాగుతాయి.

వంట, నీళ్లు. యాభై మందికి నా లెక్క: బియ్యం ఏడు కిలోలు (పులిహోర కలుపుకుని), పెరుగు పది లీటర్లు, తాగే నీళ్లు ఇరవై లీటర్ల క్యాన్లు ఎనిమిది, ఎండాకాలమైతే పది. విస్తర్లు అరవై ఐదు. వంట మాస్టరు, ఇద్దరు సహాయం. 19 కిలోల గ్యాసు సిలిండర్ ఒకటి సరిపోతుంది, అడవిలో కట్టెలు ఏరి పొయ్యి పెట్టే మాట ఎత్తకండి. వంట సత్రం వంటగదిలోనే. చెట్టుకింద పొయ్యి చూడ్డానికి బాగుంటుంది, ఒక్క నిప్పురవ్వ ఎగిరితే కొండ అంటుకుంటుంది.

మెనూ పెంచకండి. పులిహోర, చక్రపొంగలి, మొలగొలుకుల అన్నం దొరికితే అది, ముద్దపప్పు, వంకాయ కూర, చారు, గడ్డపెరుగు, ఒక పచ్చడి. ఉల్లి, వెల్లుల్లి లేకుండా. నీసు, మందు మాట చెప్పనక్కర్లేదు గానీ, గదుల్లో "రాత్రికి మనవాళ్లు నలుగురే" అని మొదలుపెట్టే బ్యాచ్ ఉంటే, వాళ్లను నెల్లూరులో లాడ్జిలో దింపి పొద్దున్నే రమ్మనండి. నేను ఈ మాట కార్యం ఒప్పుకునేటప్పుడే ముఖం మీదే అడుగుతాను.

వడ్డించేది అరటాకులో, లేదా అడ్డాకు విస్తర్లలో. స్టీలు గ్లాసులు నేనే ఇస్తాను, ఇంకెవరి దగ్గర తీసుకున్నా అవే అడగండి. ఎంగిలాకులు, మిగిలిన అన్నం గోతిలో పూడ్చేద్దాం అంటారు, వద్దు. రాత్రికి పందులు, ఎలుగులు తవ్విపోస్తాయి. డ్రమ్ముల్లో పెట్టి రాపూరుకు తెచ్చేస్తాం. చివరి వ్యాన్‌లో వచ్చేది చెత్తే. ఇద్దరు కుర్రాళ్లు గోనెసంచీతో సత్రం నుంచి వాగు దాకా నడుస్తారు. మనం వేసింది, వేయనిది చూడరు, కనబడిందల్లా ఏరుతారు. షాంపూ ప్యాకెట్లే ఎక్కువ దొరుకుతాయి.

అన్నదానం చేయాలన్నారు. వంద మందికి అదనంగా వండించి గుడి బయట క్యూ పెట్టించడం నాకు ఇష్టం ఉండదు, ఫొటోల కోసం చేసినట్టు ఉంటుంది. దేవస్థానంలో అన్నదానానికి చందా కట్టి రసీదు తీసుకోండి. అదీగాక దగ్గరి కాలనీలో ఎస్టీ కుటుంబాలకు పెట్టాలనిపిస్తే ముందురోజు వెళ్లి మీ నాన్న, అమ్మ స్వయంగా పిలవండి, మీ పంక్తిలోనే కూర్చోబెట్టండి. చెంచులక్ష్మి ఇంట్లో దేవుడి పెళ్లి భోజనం తింటూ చెంచుల, యానాదుల పిల్లలను గేటు బయట నిలబెట్టడం ఏం బాగుంటుంది చెప్పండి.

పూలు, కొబ్బరికాయలు మాత్రం టౌను నుంచి తేకండి. కోనలో అంగళ్లవాళ్లు మనలాంటివాళ్ల మీదే బతుకుతారు. ధర రెండు రూపాయలు ఎక్కువైతే కానివ్వండి.

చివర్లో మీరు మొహమాటపడుతూ అడిగారు, నాన్నగారికి మోకాళ్ల నొప్పి, పీటల మీద కూర్చోలేరు, కుర్చీ వేస్తే తప్పా అని. తప్పేం కాదు, కాకపోతే అర్చకులను ముందురోజే అడగండి, ఆ రోజు పీటల దగ్గర అడిగితే పదిమంది పది మాటలంటారు. నా దగ్గర అడుగు ఎత్తుండే చెక్క స్టూళ్లు రెండున్నాయి, మీద దర్భాసనమో పట్టుపంచో వేస్తే పీటలాగే కనిపిస్తాయి. అమ్మగారికీ ఒకటి వేయండి, పక్కపక్కన ఒకే ఎత్తున కూర్చుంటారు. తాళి కట్టేటప్పుడు ఆయన వంగనక్కర్లేదు. అలాంటి స్టూళ్లు దొరక్కపోతే మీ ఊళ్లో వడ్రంగితో చేయించండి, కాళ్ల కింద రబ్బరు బిళ్లలు కొట్టించండి, బండల మీద జారకుండా.